కూలిన కట్టడాన్ని మళ్లీ కడితే అది పాతదేనా?

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోట్రడామ్ చర్చి పైకప్పుకు నిప్పంటుకుంది. ఆ సాయంత్రమే దాని సూది శిఖరం విరిగి, కింద ఉన్న రాతి కమాను కప్పును చీల్చుకుంటూ చర్చి లోపలికి పడింది. అయిదున్నరేళ్లు దాటాక, 2024 డిసెంబరులో, ఆ చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. శిఖరం మునుపటిలాగే ఉంది, కప్పు మీద సీసపు రేకులు మునుపటిలాగే ఉన్నాయి, గోడలు మాత్రం ఇప్పటివాళ్లెవరూ చూడనంత తెల్లగా ఉన్నాయి. మరి ఇది 12వ శతాబ్దంలో పునాది వేసుకున్న నోట్రడామేనా, లేక 21వ శతాబ్దంలో ఎంతో శ్రద్ధగా చేసిన దాని నకలా?

ఈ ప్రశ్న ఒక్క పారిస్‌కే పరిమితం కాదు. 2010లో కూలిన శ్రీకాళహస్తి రాజగోపురం ఉన్నచోటే కొత్తగా లేచిన గోపురం గురించీ, హనుమకొండ వేయిస్తంభాల గుడిలో విప్పదీసి 2024లో తిరిగి నిలబెట్టిన కల్యాణ మండపం గురించీ ఇలాగే అడగవచ్చు. జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణం ఉంది. పాతది అన్నప్పుడు ఒకరు రాయి వయసును, ఒకరు రూపాన్ని, ఇంకొకరు దాన్ని మలిచిన చేతి నేర్పును, మరొకరు అక్కడ ఎడతెగక సాగే పూజను మనసులో పెట్టుకుంటారు. ఈ నాలుగింటినీ విడదీయకుండా వాదిస్తే ఎంతసేపు వాదించినా తేలదు. ప్రపంచంలో ఇలాంటి కట్టడాలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒక విషయం స్పష్టమవుతుంది. కొత్త రాయి ఎంత వేశారన్నదానికన్నా, ఏ ఆధారంతో వేశారు, వేసిన సంగతి కనబడనిచ్చారా దాచారా అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి.

మరమ్మతుకూ పునర్నిర్మాణానికీ మధ్య

వార్తల్లో పరిరక్షణ, పునరుద్ధరణ, పునర్నిర్మాణం అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ఈ రంగంలో పనిచేసేవారికి అవి వేర్వేరు పనులు.

పరిరక్షణ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం. 2019 మేలో చార్మినార్ మినారు ఒకదాని నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడిపడింది. అలాంటి చోట సిమెంటు పూయకుండా, పాత పద్ధతిలో తయారుచేసిన డంగు సున్నంతోనే అతకడం పరిరక్షణ కిందికి వస్తుంది. సిమెంటు ఎందుకు పనికిరాదన్నది చాదస్తం కాదు. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతూ ఉంటుంది, సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది, తేమ లోపలే నిలిచి పాత గోడను తినేస్తుంది. పునరుద్ధరణ ఇంకో మెట్టు పైది. తర్వాతి కాలంలో చేరిన అడ్డుగోడలు, రంగులు, పూతలు తొలగించి, విరిగిన భాగాలను పూరించి, కట్టడాన్ని గతంలోని ఒక దశకు తీసుకువెళ్లడం దాని లక్ష్యం. ఏ దశకు అన్నదగ్గరే పేచీ మొదలవుతుంది. పునర్నిర్మాణం అంటే లేకుండా పోయినదాన్ని కొత్త సామగ్రితో మళ్లీ కట్టడం.

పునరుద్ధరణకూ పునర్నిర్మాణానికీ నడుమ అనాస్టిలోసిస్ అనే గ్రీకు పేరున్న పద్ధతి ఒకటుంది. పడిపోయిన రాళ్లనే వెతికి, ఏది ఎక్కడిదో గుర్తించి, తిరిగి పేర్చడమే ఆ పద్ధతి. తప్పనిసరి అయినచోట మాత్రమే కొత్త రాయి వాడతారు. వినడానికి తేలికగా ఉన్న ఈ పని ఎంత కష్టమో కంబోడియాలోని అంగ్‌కోర్ ప్రాంతంలో ఉన్న బఫువోన్ ఆలయం చెబుతుంది. 11వ శతాబ్దపు ఆ ఆలయం లోపల ఇసుక నింపి కట్టిన రాతి కొండ లాంటిది. కాలక్రమంలో చాలాభాగం కుంగిపోయింది. 1960ల్లో ఫ్రెంచి నిపుణులు దాన్ని విప్పి, సుమారు 3 లక్షల రాళ్లకు గుర్తులు వేసి చుట్టూ ఉన్న అడవిలో పరిచారు. అంతలో అంతర్యుద్ధం వచ్చింది. పని ఆగిపోయింది. ఏ రాయి ఎక్కడిదో రాసిపెట్టుకున్న కాగితాలు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం ఏలిన కాలంలో నాశనమయ్యాయి. 1995లో తిరిగి మొదలుపెట్టినవారికి మిగిలింది రాళ్ల గుట్టలు, పాత ఫోటోలు. రాళ్ల మధ్య సున్నం వాడని కట్టడం కాబట్టి ప్రతి రాయికీ ఒకే ఒక చోటు ఉంటుంది, పక్క రాయితో అది సరిగ్గా అతుక్కోవాలి. పని 2011లో పూర్తయింది.

అక్కడే ఇంకో చిక్కు కూడా ఎదురైంది. 16వ శతాబ్దంలో బౌద్ధులు ఇదే ఆలయపు రాళ్లు తీసి, పడమటి గోడ పొడవునా సుమారు 70 మీటర్ల శయన బుద్ధుణ్ని పేర్చారు. ఆలయాన్ని 11వ శతాబ్దపు రూపానికి తేవాలంటే బుద్ధుణ్ని విప్పాలి. ఉంచాలంటే ఆలయం అసంపూర్ణంగా మిగలాలి. బుద్ధుణ్ని ఉంచారు. ఇలాంటి చోట సాంకేతిక నైపుణ్యం దారి చూపదు. రెండు కాలాల్లో దేనికి పెద్దపీట వేయాలో మనుషులే తేల్చుకోవాలి.

తరలింపు కూడా ఈ కుటుంబంలోనిదే. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునగబోయిన ఈజిప్టులోని అబూ సింబెల్ ఆలయాలను 1960ల్లో ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున తిరిగి అమర్చారు. దాదాపు అదే కాలంలో కృష్ణా లోయలో నాగార్జునకొండ కట్టడాలదీ అదే కథ. జలాశయం నిండేలోగా తవ్వి తీసిన కొన్ని కట్టడాలను కొండ మీదికీ, ఒడ్డున అనుపుకూ చేర్చారు, మరికొన్నింటికి నమూనాలు మాత్రం చేశారు, తక్కినవి నీళ్ల కింద ఉండిపోయాయి. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించారు. అక్కడ రాళ్లు పాతవే, రూపం పాతదే. తుంగభద్ర కృష్ణలో కలిసే చోటు మాత్రం దాని పక్కన లేదు. సంగమం పేరే పెట్టుకున్న గుడి విషయంలో అది చిన్న లోటు కాదు.

19వ శతాబ్దపు తగవు

ఈ చర్చకు మూలాలు ఐరోపాలో దాదాపు 170 ఏళ్ల వెనక ఉన్నాయి. ఒకవైపు ఫ్రెంచి వాస్తుశిల్పి వయొలె ల దుక్ ఉన్నారు. కట్టడాన్ని పునరుద్ధరించడమంటే దాన్ని సంపూర్ణ స్థితికి తేవడమనీ, ఆ సంపూర్ణ స్థితి చరిత్రలో ఏ ఒక్క రోజూ నిజంగా ఉండి ఉండకపోయినా ఫరవాలేదనీ ఆయన అభిప్రాయం. మరోవైపు ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ ఉన్నారు. ఆయన దృష్టిలో పునరుద్ధరణ అన్నది ఒక కట్టడానికి జరగగల అత్యంత పూర్తి విధ్వంసం. పాత రాయి మీది ఉలి గుర్తు ఒకసారి పోతే చనిపోయిన మనిషిని లేపలేనట్టే దాన్నీ తిరిగి తేలేం. రోజూ కనిపెట్టుకుని ఉండి చిన్న మరమ్మతులు చేయాలి, అయినా ఆగకపోతే గౌరవంగా కూలనివ్వాలి అన్నది ఆయన వాదన. ఆ బాటలోనే విలియం మోరిస్ 1877లో ఇంగ్లండులో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించారు.

వయొలె ల దుక్ పద్ధతి ఎలా ఉంటుందో దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసోన్ కోటలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. శిథిలమైన ఆ కోట బురుజుల మీద ఆయన నిటారైన శంఖాకారపు కప్పులు, నల్లని పలకరాళ్లతో వేయించారు. అవి ఉత్తర ఫ్రాన్స్ అలవాటు, ఈ ప్రాంతంలో వాలు తక్కువగా ఉండే పెంకు కప్పులు వాడేవారన్నది విమర్శకుల అభ్యంతరం. తర్వాతి తరాలు కొన్ని బురుజుల కప్పులను మార్చాయి. ఆ కోట 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు, ఆయన చేసిన పునరుద్ధరణను కూడా దాని విలువలో భాగంగానే లెక్కగట్టారు. నిన్నటి తప్పు నేటి వారసత్వమైందని నవ్వుకోవచ్చు గానీ, ఈ సూత్రం నోట్రడామ్ విషయంలో ఎంత పనిచేసిందో కాసేపట్లో చూస్తాం.

ఇటలీలో మరో నమూనా ఉంది. 1902 జులై 14న వెనిస్‌లోని సెయింట్ మార్క్ గంట గోపురం ఉన్నట్టుండి కుప్పకూలింది. మనుషులెవరూ చనిపోలేదు. ఎక్కడ ఉండేదో అక్కడే, ఎలా ఉండేదో అలాగే కట్టాలన్న నినాదంతో 1912 కల్లా తిరిగి కట్టేశారు, పునాదులు బలపరిచారు. తర్వాత లోపల లిఫ్టు కూడా వచ్చింది. పైన నిలబడి ఫోటోలు దిగే సందర్శకుల్లో అది ఇరవయ్యో శతాబ్దపు గోపురమని ఎందరికి తెలుసో చెప్పడం కష్టం.

1964లో గీసిన గీత

రెండో ప్రపంచయుద్ధం తర్వాత నగరాలకు నగరాలే తిరిగి కట్టాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత 1964లో వాస్తుశిల్పులు, పరిరక్షకులు వెనిస్‌లో సమావేశమై ఒక ప్రకటన చేశారు. వెనిస్ చార్టర్‌గా పేరుబడ్డ ఆ పత్రం ఈ రంగానికి ఇప్పటికీ మూలసూత్రం లాంటిది. అందులో మూడు మాటలు ముఖ్యం. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో కలిసిపోవాలి, అయినా పాతదేదో కొత్తదేదో పరిశీలించినవారికి తెలియాలి. తవ్వకాల్లో బయటపడ్డ శిథిలాల విషయంలో పునర్నిర్మాణం కూడదు, విడిపడ్డ పాత రాళ్లను తిరిగి పేర్చడానికి మాత్రమే అనుమతి ఉంటుంది.

వెనిస్ చార్టర్ తర్కం ప్రధానంగా రాతి కట్టడాల తర్కం. రాయి వందల ఏళ్లు ఉంటుంది కాబట్టి, కట్టడపు నిజం ఆ పదార్థంలోనే ఉందనుకోవడం అక్కడ సహజం. కర్రతో, మట్టితో కట్టుకునే దేశాలు ఈ గీత ముందు నిలబడినప్పుడు ఇబ్బంది వచ్చింది.

ఇరవై ఏళ్లకోసారి కొత్తదయ్యే ఇసే

జపాన్‌లోని ఇసే మందిరాన్ని 20 ఏళ్లకోసారి పూర్తిగా కొత్తగా కడతారు. గర్భాలయం పక్కనే అంతే కొలతల ఖాళీ స్థలం ఉంటుంది. అందులో హినోకి అనే సైప్రస్ జాతి కర్రతో, పాతదాని కొలతలతోనే కొత్త మందిరం కట్టి, దైవాన్ని అందులోకి తరలించి, పాతదాన్ని విప్పేస్తారు. ఈ ఆనవాయితీ 690లో మొదలైంది. 15, 16 శతాబ్దాల యుద్ధకాలంలో వందేళ్లకు పైగా ఆగింది కూడా. 62వ సారి 2013లో జరిగింది, తర్వాతిది 2033లో. విప్పిన కర్రను పారేయరు. ఉదాహరణకు, మందిరపు పైదూలాన్ని మోసిన పెద్ద స్తంభాలు, తర్వాత ఇరవై ఏళ్లు దగ్గర్లోని ఉజి వంతెన రెండు చివరలా తోరణ ద్వారాలుగా నిలబడతాయి. ఆ పైన మరో ఊరికి తోరణంగా వెళతాయి.

ఇసేలో నేడున్న ఏ దూలమూ 20 ఏళ్లకు మించి పాతది కాదు. రూపం, పనితనం, ఆచారం మాత్రం వెయ్యేళ్లు దాటినవి. యువ వడ్రంగి ఒకసారి సాయం చేస్తాడు, నడివయసులో మరోసారి పని నడిపిస్తాడు. విద్య చేతులు మారుతుంది. దీన్ని పాతది అనాలా కొత్తది అనాలా అంటే, వెనిస్ చార్టర్ దగ్గర సూటైన సమాధానం లేదు.

జపాన్ ప్రపంచ వారసత్వ ఒప్పందంలో 1992లో చేరింది. ప్రపంచంలో నిలిచివున్న అతి పాత కర్ర కట్టడాలున్న హోర్యూజి ఆలయ సముదాయం 1993లో జాబితాకెక్కింది. అక్కడ కాలానుగుణంగా కట్టడాన్ని విప్పి, పాడైన కర్రను మార్చి, తిరిగి బిగించడం పద్ధతి. దీంతో అసలుతనానికి కొలబద్ద ఏమిటన్న చర్చ అనివార్యమైంది. 1994లో జపాన్‌లోని నారా నగరంలో జరిగిన సమావేశం, ఒక కట్టడపు అసలుతనాన్ని దాని సంస్కృతిలో పెట్టే తూచాలని తేల్చింది. పదార్థంతో పాటు రూపం, వాడుక, సంప్రదాయం, పనితనం, పరిసరాలు, అక్కడి భావం కూడా సాక్ష్యాలే అని ఆ పత్రం చెప్పింది.

నారా పత్రం తలుపులు బార్లా తెరిచేసిందని ఆక్షేపించేవారు ఉన్నారు. సంప్రదాయం పేరు చెప్పి ఎవరు ఏది కూల్చి కట్టినా సరిపోతుందా అన్నది వారి ప్రశ్న. ఆ భయం నిరాధారం కాదు. అయితే ఇసేలో కొలతలు మారవు, విద్య తరం నుంచి తరానికి అందుతుంది, ప్రతి దశా ఒక క్రతువుగా సాగుతుంది. ఈ క్రమశిక్షణను పక్కన పెట్టి, ఇసే పేరు మాత్రం సాకుగా వాడుకోవడం చెల్లదు.

వార్సా, మోస్టార్, బాగ్రతి: మూడు తీర్పులు

యునెస్కో జాబితా ఈ సూత్రాలను ఎలా అన్వయించిందో మూడు ఉదాహరణల్లో చూడవచ్చు.

1944 తిరుగుబాటు తర్వాత జర్మన్ సైన్యం పోలండు రాజధాని వార్సాను ఒక పథకం ప్రకారం కూల్చింది. చారిత్రక కేంద్రంలో 85 శాతానికి పైగా నాశనమైంది. యుద్ధం ముగియగానే పాత పట్టణాన్ని తిరిగి కట్టడం మొదలుపెట్టారు. యుద్ధానికి ముందు వాస్తుశాస్త్ర విద్యార్థులు కొలిచి గీసిన పటాలు, దాచిపెట్టడం వల్ల మిగిలాయి. 18వ శతాబ్దంలో బెల్లోట్టో అనే ఇటలీ చిత్రకారుడు గీసిన నగర దృశ్యాలను కూడా ఆధారంగా తీసుకున్నారు. చిత్రకారుడు కదా, కొన్నిచోట్ల ఉన్నదానికన్నా అందంగా గీశాడు, అందుచేత కొన్ని భవనాలు యుద్ధానికి ముందున్న రూపంతో కాక బొమ్మతో పోలాయి. 1980లో వార్సా జాబితాలో చేరింది. 13వ శతాబ్దపు పట్టణంగా దాన్ని గుర్తించలేదు. ఒక జాతి తన నగరాన్ని దాదాపు మొత్తంగా తిరిగి నిర్మించుకున్న 20వ శతాబ్దపు అసాధారణ కృషిగా గుర్తించారు. అంటే వార్సా విలువ తిరిగి కట్టడంలోనే ఉందన్నమాట.

బోస్నియాలోని మోస్టార్ వంతెనది కూడా దాదాపు ఇదే దారి. ఒట్టోమన్ శిల్పి హైరుద్దీన్ 1566లో పూర్తిచేసిన ఆ ఒంటి కమాను, 1993 నవంబరు 9న బోస్నియా యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు నదిలో కూలింది. నదిలోంచి తీసిన పాత రాళ్లు చాలావరకు తిరిగి వాడడానికి పనికిరాలేదు. స్థానిక గనుల్లోని అదే జాతి రాయిని పాత పద్ధతిలో చెక్కి, 2004లో వంతెనను తెరిచారు. మరుసటి ఏడాది అది జాబితాలో చేరింది. యుద్ధంలో విడిపోయిన జనాల మధ్య సయోధ్యకు గుర్తుగా అది నిలుస్తుందన్నది దానికి చూపిన ప్రధాన కారణం.

జార్జియాలోని బాగ్రతి చర్చి విషయంలో తీర్పు తిరగబడింది. 11వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ చర్చి 1692లో ఒట్టోమన్ దాడిలో ధ్వంసమై, మూడు శతాబ్దాలు శిథిలంగానే నిలిచింది. శిథిల రూపంలోనే, గెలాతి మఠంతో కలిపి, 1994లో జాబితాకెక్కింది. తర్వాత ప్రభుత్వం గుమ్మటంతో సహా చర్చిని పూర్తిగా కట్టించింది. లోహం, గాజు వాడిన భాగాలు కూడా చేరాయి. 2010లో దాన్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు, 2017లో గెలాతిని మాత్రం ఉంచి బాగ్రతిని తీసేశారు. చర్చిలో ప్రార్థనలు జరగాలని కోరుకున్న భక్తుల వైపు నుంచి చూస్తే, కప్పులేని శిథిలాన్ని అలాగే ఉంచమనడం బయటివారి పట్టుదలగానే కనిపిస్తుంది. నిపుణుల వైపు నుంచి చూస్తే, గుర్తింపు పొందింది ఏదో ఆ వస్తువే మారిపోయింది. రెండు వాదనల్లోనూ బలముంది. వార్సాకు, మోస్టార్‌కు ఉన్న ఒక సౌలభ్యం బాగ్రతికి లేదు. అవి కూలినప్పుడు వాటిని చూసినవారు బతికే ఉన్నారు, కొలతలూ ఫోటోలూ ఉన్నాయి. మూడు వందల ఏళ్ల కిందట పోయిన గుమ్మటానికి అలాంటి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

తిరిగి కట్టకుండా వదిలేయడం కూడా ఒక నిర్ణయమే. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలను 2001లో పేల్చివేశాక, విగ్రహాల్లేని గూళ్లతోనే ఆ లోయ 2003లో జాబితాలో చేరింది. తిరిగి నిలబెట్టాలన్న ప్రతిపాదనలు వస్తూనే ఉన్నాయి, గూళ్లు ఖాళీగానే ఉన్నాయి.

నోట్రడామ్‌లో కాలినది ఏ కాలానిది?

ఇప్పుడు పారిస్‌కు వద్దాం. ఈ చర్చిలో కాలిపోయినదంతా ఒకే కాలానిది కాదు. సీసపు రేకుల కింద ఉన్న ఓక్ దూలాల అల్లిక చాలావరకు 12, 13 శతాబ్దాలది. దాని దట్టతను బట్టి పారిస్ వాళ్లు దాన్ని అడవి అనేవారు. కూలుతూ ప్రపంచమంతా టీవీల్లో కనిపించిన శిఖరం మాత్రం మధ్యయుగాలది కాదు. అసలు శిఖరాన్ని శిథిలమైందని 18వ శతాబ్దంలోనే తీసేశారు. కాలినది 1859లో వయొలె ల దుక్ కట్టించింది, అది పాతదానికన్నా ఎత్తయినది. కొందరి కంటికి ఆ శిఖరం కూడా ఒకప్పుడు అనవసరపు చేర్పే.

మంటలు రేగిన రెండు రోజులకే ఫ్రెంచి ప్రధాని కొత్త శిఖరానికి అంతర్జాతీయ పోటీ పెడతామన్నారు. గాజు శిఖరాలు, పైకప్పు మీద తోటలు, ఇంకా ఎన్నో ఊహాచిత్రాలు ప్రచారంలోకి వచ్చాయి. వయొలె ల దుక్ తన కాలపు ముద్ర వేసినప్పుడు మన కాలం ఎందుకు వేయకూడదన్నది ఒక వాదన. చివరిసారి అందరూ చూసిన రూపానికి పూర్తి ఆధారాలున్నాయి కాబట్టి అక్కడికే తేవాలన్నది ఎదుటి వాదన. ప్రధాన వాస్తుశిల్పి ఫిలిప్ విల్నవ్ రెండోవైపు గట్టిగా నిలబడ్డారు. 2020 జులైలో అధ్యక్షుడు మక్రాన్ కూడా దానికే ఒప్పుకున్నారు.

ఆధారాలు ఎంత ఉన్నాయన్నది ఇక్కడ కీలకం. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు 2010లో చర్చిని లేజర్లతో కొలిచారు. ఫ్రెంచి వాస్తుశిల్పులు ఇద్దరు 2014లో దూలాల అల్లికనంతా ఒక్కొక్క ముక్కగా కొలిచి పటాలు గీశారు. శిఖరానికి వయొలె ల దుక్ కాలపు పటాలే ఉన్నాయి. అందువల్ల ఊహ మొదలయ్యే చోట ఆగాలన్న నియమం ఇక్కడ పెద్దగా అడ్డురాలేదు. ఫ్రాన్స్ అడవుల నుంచి సుమారు 2,000 ఓక్ చెట్లు తెచ్చారు. మధ్యయుగపు భాగానికి వాడే దూలాలను వడ్రంగులు పచ్చి కర్ర మీదే గొడ్డళ్లతో చెక్కారు. గొడ్డలితో చెక్కితే దూలం కర్ర నారను అనుసరించి కొద్దిగా వంకరగానే ఉంటుంది. మిషను కోత ఆ నారను తెగ్గొడుతుంది. కిందినుంచి ఎవరికీ కనబడని చోట కూడా ఈ పద్ధతే పాటించారు. ఇసే వడ్రంగులకు ఈ పట్టుదల ఎందుకో వివరించనక్కర్లేదు.

అన్నీ అలాగే చేశారా అంటే, లేదు. పైకప్పు కింద మంటలను ఆర్పే నీటి తుంపర వ్యవస్థ కొత్తగా వచ్చింది. శిఖరం మీది కోడిపుంజు బొమ్మ మంటల్లో దెబ్బతిని దొరికింది. దాని స్థానంలో రెక్కలు జ్వాలల్లా ఎగసే కొత్త బంగారు పూత కోడిపుంజును విల్నవ్ రూపొందించారు. ప్రమాదంలో 400 టన్నులకు పైగా సీసం కాలి, కరిగి, చుట్టుపక్కల ధూళిగా పడింది. ఆరోగ్యం దృష్ట్యా సీసం వద్దన్నవారున్నా, కప్పు మీద మళ్లీ సీసమే వేశారు. శిఖరం చుట్టూ ఉండే 16 రాగి విగ్రహాలు మరమ్మతు కోసం ప్రమాదానికి నాలుగు రోజుల ముందే కిందికి దిగడం వల్ల బతికిపోయాయి. వాటిలో సెయింట్ థామస్ విగ్రహానికి వయొలె ల దుక్ తన పోలికలే పెట్టించుకున్నారు. తక్కిన అపొస్తలులు, అంటే ఏసు శిష్యులు, నగరాన్ని చూస్తుంటే, ఆయన మాత్రం వెనక్కి తిరిగి తాను కట్టించిన శిఖరాన్నే చూస్తుంటాడు.

ఇంకా తేలని తగవు ఒకటుంది. దక్షిణం వైపు ఆరు చిన్న మందిరాల్లో వయొలె ల దుక్ కాలపు రంగుటద్దాల కిటికీలు మంటల్లో చెక్కుచెదరలేదు. వాటిని తీసి సమకాలీన కళాకారుల అద్దాలు పెట్టాలని మక్రాన్ 2023 డిసెంబరులో ప్రకటించారు. చెడిపోనిదాన్ని ఎందుకు తీయాలని జాతీయ వారసత్వ సంఘం 2024లో ఏకగ్రీవంగా వ్యతిరేకించింది. అయినా ఆ ఏడాది చివర్లోనే క్లేర్ తాబురే అనే చిత్రకారిణిని ఎంపిక చేశారు. ఏ కాలమైనా తన ముద్ర వేయవచ్చన్న మాటకు బలం ఉంది గానీ, కూలినచోట పూరించడానికీ, నిలిచివున్నదాన్ని తీసేయడానికీ ఉన్న తేడాను ఆ మాట దాటవేస్తోంది.

జీర్ణోద్ధరణ సంప్రదాయం, మన గుళ్లు

తెలుగువారికి ఈ చర్చలో సొంత అనుభవం ఉంది. గుడి పాడైతే బాగుచేయించడం పుణ్యకార్యమని ఆగమాలు చెబుతాయి. జీర్ణోద్ధరణ చేయించిన రాజుల శాసనాలు ఊరూరా కనిపిస్తాయి. పనులు సాగేటప్పుడు కళాకర్షణ చేసి, దైవశక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక గుడిలో ఉంచి, పూజలు ఆగకుండా చూస్తారు. పని పూర్తయ్యాక సంప్రోక్షణతో తిరిగి మూలస్థానంలో ప్రతిష్ఠిస్తారు. తిరుమలలో 12 ఏళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం ఈ క్రమంలోనిదే, చివరిగా 2018లో జరిగింది. యాదాద్రిలో 2016 నుంచి బాలాలయంలో పూజలు సాగి, 2022 మార్చిలో కొత్త రాతి ఆలయం తెరుచుకుంది. లోపలి గుహ గర్భాలయాన్ని అలాగే ఉంచారు, చుట్టూ గోపురాలు, మండపాలు కొత్తవి. ఆగమ దృష్టిలో అది అదే క్షేత్రం. కట్టడాల చరిత్ర రాసేవారి దృష్టిలో అది 21వ శతాబ్దపు నిర్మాణం. రెండు మాటలూ ఒకేసారి నిజం కావడంలో వైరుధ్యమేమీ లేదు.

శ్రీకాళహస్తిలో 1516 నాటి శ్రీకృష్ణదేవరాయల రాజగోపురం 2010 మే 26న కూలింది. పగుళ్లు ముందే కనిపించడంతో జనాన్ని దూరంగా ఉంచారు. ఆ తర్వాత కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. భక్తుడికి అక్కడ గోపురం ఉండి తీరాలి, శిఖర దర్శనం దానితోనే. చరిత్రకారుడికి మాత్రం రాయల కాలపు సున్నం, ఇటుక, పునాది లోతు ఇక పరీక్షకు దొరకవు. ఇటువంటి చోట పోయేది ఎక్కువగా ఈ సాక్ష్యమే. పూజలో ఉన్న ఎన్నో పాత గుళ్లలో శాసనాల మీద రంగులు, సున్నం పూయడం, పాత బండల మీద గ్రానైటు పరవడం వల్ల జరుగుతున్న నష్టమూ ఇదే రకం. అక్కడ కొత్తదనంతో పేచీ లేదు, ఏం మార్చారో రాసిపెట్టకపోవడమే అసలు లోపం.

హనుమకొండ వేయిస్తంభాల గుడి దీనికి భిన్నమైన ఉదాహరణ. ఆ గుడి శాసనం 1163 నాటిది. కాకతాళీయంగా నోట్రడామ్ పునాది వేసింది కూడా 1163లోనే అంటారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఈ గుడిలో, కుంగి ఒరిగిన కల్యాణ మండపాన్ని 2006లో విప్పడం మొదలుపెట్టారు. రాళ్లకు అంకెలు వేసి, పునాదిని బలపరిచి, తిరిగి పేర్చి, 2024 మార్చిలో తెరిచారు. పద్దెనిమిదేళ్లు పట్టిందని వరంగల్ వాళ్లు విసుక్కోవడంలో తప్పు లేదు. కాకతీయుల గుళ్లకు పునాదిలో ఇసుక నింపే పద్ధతి ఉంది, రామప్ప కూడా అలాగే కట్టినదే. విప్పిన కట్టడాన్ని ఆ తరహా పునాది మీద మళ్లీ నిలబెట్టడం తొందరపడి చేసే పని కాదు. ఇక్కడ పాత రాయే పాత చోటులోకి వచ్చింది కాబట్టి, వెనిస్ చార్టర్ కూడా దీన్ని కాదనలేదు.

నకలు కూడా మారుతుందని షురి చెబుతోంది

అసలుకు, నకలుకు మధ్య గీత ఎంత చెరిగిపోగలదో జపాన్ దక్షిణ దీవి ఒకినావాలోని షురి కోటలో కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ దీవులను ఏలిన ర్యూక్యూ రాజుల కోట అయిన షురి చరిత్రలో పలుమార్లు కాలింది. 1945లో యుద్ధంలో నేలమట్టమైంది. పాత పత్రాలు, ఫోటోల ఆధారంగా ప్రధాన భవనాన్ని 1992లో తిరిగి కట్టారు. 2000లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అది ఈ కొత్త భవనానికి రాలేదు, దాని కింద ఉన్న అసలు పునాదుల శిథిలాలకు వచ్చింది. అందుకే 2019 అక్టోబరు 31న ఆ భవనం మరోసారి కాలిపోయినా వారసత్వ గుర్తింపుకు భంగం రాలేదు. అయినా ఒకినావా వాళ్లు మంటలు చూసి ఏడ్చారు. ముప్పై ఏళ్ల నకలు వాళ్లకు నకలు కాదు, అందులో తిరిగి పెరిగిన తరం ఉంది.

ఇప్పుడు మళ్లీ కడుతున్నారు. అయితే 1992 నాటి భవనాన్నే మక్కికి మక్కి దించడం లేదు. ఆ తర్వాత దొరికిన పత్రాలు, పరిశోధనల ప్రకారం రంగుల వంటి వివరాలను సరిదిద్దుతున్నారు. అంటే 1992 నాటి భవనం అప్పటికి దొరికిన ఆధారాలతో వేసిన ఒక అంచనా, ఇది ఇప్పటి ఆధారాలతో వేస్తున్న మరో అంచనా. పాత రాజభవనం కచ్చితంగా ఎలా ఉండేదో ఈ రెండూ ప్రమాణం చేసి చెప్పలేవు. ఏ వివరం ఏ పత్రం నుంచి వచ్చిందో మాత్రం రెండింటి విషయంలోనూ చూపించగలరు.